రుజువైన వైద్యం మన పీహెచ్‌సీ దాకా ఎలా వస్తుంది?

ఆరోగ్య విధానాల గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ నెల జవాబులు. ఫలానా జబ్బుకి ఫలానా మందు వాడొచ్చా అని అడిగిన ఉత్తరాలు పక్కన పెట్టాం. వాటికి మీ డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: మనవరాలికి ఆరో వారంలో రోటా చుక్కలు వేయించాం. ఆ టీకా సామర్థ్యం 56 శాతమేనని తర్వాత చదివాను. అంటే దాదాపు సగం మంది పిల్లలకు దండగే కదా? నూటికి తొంభై పనిచేసే టీకా వచ్చేదాకా ఆగకుండా ప్రభుత్వం దీన్నే ఎందుకు తీసుకుంది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందు ఆ 56 సంగతి తేల్చుకుందాం మాస్టారూ. 56 మందికి పనిచేసి 44 మందికి చేయలేదని దాని అర్థం కాదు. టీకా పడని పిల్లల్లో తీవ్రమైన రోటా విరేచనాలు వంద కేసులు వస్తే, టీకా పడిన అంతే మంది పిల్లల్లో 44 వచ్చాయని అర్థం. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది పసిపిల్లలతో జరిపిన మూడో దశ ట్రయల్‌లో, పిల్లల మొదటి ఏడాదికి తేలిన లెక్క ఇది. 2014లో ప్రచురించారు.

ఇక తొంభై శాతం టీకా. అలాంటివి అప్పటికే ఉన్నాయి. కానీ ఐరోపాలో తొంభై దాటిన ఆ టీకాలే ఆసియా, ఆఫ్రికా పేద ప్రాంతాల ట్రయల్స్‌లో సుమారు 40 నుంచి 60 శాతం మధ్యకు దిగిపోయాయి. చుక్కలుగా నోట్లో వేసే టీకా పేగులో పెరగాలి. ఇక్కడి పసిపిల్లల పేగులో వేరే క్రిములు ముందే తిష్ఠ వేసుకుని ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ను కొంత అణిచేస్తాయి. అదే రోజు వేసే పోలియో చుక్కలూ కొంత అడ్డు. కాబట్టి ఖరీదైన విదేశీ టీకా తెచ్చినా మనకి దక్కేది యాభై చిల్లరే. ఒక దేశంలో తేలిన శాతాన్ని ఇంకో దేశపు విధానంలోకి యథాతథంగా దించకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తోచడం లేదు.

విధానం రాసేవాళ్లు శాతాన్ని ఒక్కదాన్నే చూడరు. జబ్బు భారంతో గుణించి చూస్తారు. టీకా రాకముందు దేశంలో ఏటా సుమారు 78 వేల మంది అయిదేళ్లలోపు పిల్లలు రోటా వల్ల చనిపోతున్నారనీ, ఎనిమిది లక్షల డెబ్బై వేల మందికి పైగా ఆసుపత్రిలో చేరుతున్నారనీ అంచనా. విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో దాదాపు 40 శాతం మందిలో ఈ వైరస్ ఉందని 2005లో మొదలైన నిఘా వ్యవస్థ చూపించింది. ఇంత పెద్ద సంఖ్యలో సగం తగ్గినా అది చిన్న లాభం కాదు. అదే భారం స్వల్పంగా ఉండే జబ్బుకైతే 90 శాతం టీకా కూడా బేరానికి గిట్టకపోవచ్చు.

తర్వాత భద్రత. 1998లో అమెరికాలో వచ్చిన మొదటి రోటా టీకాను మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. సుమారు పదివేల మంది పిల్లల్లో ఒకరికి పేగు పేగులోకి చొచ్చుకుపోయే సమస్య అదనంగా వచ్చింది. రోటాతో పిల్లలు పెద్దగా చనిపోని దేశానికి అది సరైన నిర్ణయమే. మరణాలు వేలల్లో ఉన్న దేశానికి లెక్క వేరుగా ఉండాల్సింది. కానీ అమెరికా వద్దన్నదాన్ని మన పిల్లలకు వేస్తామని ఏ మంత్రి చెప్పగలడు? రుజువులు ఒకటే అయినా నిర్ణయం దేశానికో రకంగా ఎందుకుంటుందో, కొన్నిసార్లు ఉండాల్సి ఉన్నా ఎందుకు ఉండదో ఇక్కడ కనిపిస్తుంది.

మన టీకాలోని 116ఇ రకం వైరస్‌ను ఢిల్లీ ఎయిమ్స్‌లో 1985-86లో గుర్తించారు. జబ్బు లక్షణాలు లేకుండానే నవజాత శిశువుల్లో అది కనిపించింది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దాన్ని టీకాగా తయారుచేసింది. టీకాల మీద కేంద్రానికి సలహా ఇచ్చే సాంకేతిక బృందం ఎన్‌టాగీ 2014లో సిఫారసు చేసింది. 2016లో నాలుగు రాష్ట్రాల్లో మొదలుపెట్టారు: ఆంధ్రప్రదేశ్, హరియాణా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. అన్ని రాష్ట్రాలకూ చేరేసరికి 2019 అయింది. వైరస్ దొరికిన రోజు నుంచి మన పీహెచ్‌సీ దాకా ముప్పై ఏళ్లు.

దశలవారీగా వేయడాన్ని ఆలస్యమనుకోవద్దు. వేల మంది ట్రయల్‌లో పదివేలకు ఒకటి వచ్చే ప్రమాదం కనపడదు, లక్షల మందికి వేశాకే తేలుతుంది. అందుకే ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో పేగు సమస్యతో వచ్చిన ప్రతి బిడ్డనూ నమోదు చేశారు. ఈ టీకాతో ఆ ముప్పు పెరగలేదని 2020లో తేలింది. మామూలు టీకా కార్యక్రమంలో రక్షణ ఎంతని తర్వాత కొలిస్తే 54 శాతం వచ్చింది, ట్రయల్‌లో వచ్చినంతే దాదాపు. ట్రయల్‌లో బాగున్నది బయట నీరుగారిపోవడం మామూలు కాబట్టి ఈ 54 మాకు 56 కన్నా ముఖ్యమైన అంకె. మనవరాలికి 10, 14 వారాల డోసులు మానకండి.

ప్రశ్న: నెలలు నిండకుండా నొప్పులొస్తే డెక్సామెథసోన్ ఇంజెక్షన్ చేసి పంపమని ఒకప్పుడు శిక్షణ ఇచ్చారు. తర్వాత వచ్చిన డాక్టర్లు తొందరపడి చేయొద్దంటున్నారు. మంచిదో చెడ్డదో తేల్చుకోకుండానే మాకు చెప్పారా?
— స్టాఫ్ నర్సు, తెనాలి

జవాబు: మందు మంచిదే. ఎక్కడ, ఎవరికి అన్నదే తర్వాత తేలింది.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ పనికొస్తుందని 1972లో న్యూజిలాండ్‌లో చూపించారు. తర్వాత పలు ట్రయల్స్ అదే చెప్పాయి. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ చిహ్నంలో కనిపించే అడ్డగీతలు ఈ స్టెరాయిడ్ ట్రయల్స్ ఫలితాలే. అయితే ఆ ట్రయల్స్ ఎక్కువగా సంపన్న దేశాల పెద్దాసుపత్రుల్లో జరిగాయి. 2014లో మన కేంద్ర ఆరోగ్యశాఖ 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం 4 డోసులు కండరానికి ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. పై ఆసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఏఎన్‌ఎం కూడా ఇవ్వొచ్చంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆరు దేశాల గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన ఆక్ట్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. వాటిలో మన దేశమూ ఉంది. సుమారు లక్ష జననాల లెక్క అది. బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో మరణాలు తగ్గలేదు. మొత్తం శిశువుల్ని కలిపి చూస్తే ప్రతి వెయ్యి జననాలకు మూడున్నర మరణాలు ఎక్కువయ్యాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్లూ పెరిగాయి.

ఎందుకలా అయిందో మీకు మా కన్నా బాగా తెలిసే ఉంటుంది. ఆఖరి నెలసరి తేదీ చాలామందికి గుర్తుండదు. వారాల లెక్క తప్పితే నెలలు దగ్గరపడిన తల్లికీ ఇంజెక్షన్ పడుతుంది, ఆ బిడ్డకి దాని అవసరమే లేదు. నొప్పులని వచ్చినవాళ్లలో చాలామంది అప్పుడు ప్రసవించరు కూడా. పైగా తల్లికి లోపల ఇన్ఫెక్షన్ ఉంటే స్టెరాయిడ్ దాన్ని పెంచుతుంది. నెలలు తక్కువ బిడ్డ పుట్టాక వెచ్చదనం, ఆక్సిజన్ అందకపోతే ఊపిరితిత్తులు పక్వమైనా ప్రయోజనం తక్కువ.

డబ్ల్యూహెచ్‌ఓ 2015లో సిఫారసును ఉంచుతూనే షరతులు పెట్టింది: గర్భం వయసు కచ్చితంగా తెలియాలి, ప్రసవం దగ్గరలోనే ఉండాలి, తల్లికి ఇన్ఫెక్షన్ ఉండకూడదు, ప్రసవానికీ నెలలు తక్కువ బిడ్డకీ తగిన సంరక్షణ ఆ చోట ఉండాలి. ఆ షరతులు పాటిస్తే ఏమవుతుందో చూడటానికి భారత్ సహా అయిదు దేశాల 29 ఆసుపత్రుల్లో ఇంకో ట్రయల్ చేశారు. 2,852 మంది గర్భిణులు, 26 నుంచి 34 వారాల లోపు, వయసు అల్ట్రాసౌండ్‌తో నిర్ధారించినవాళ్లు. నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి తగ్గాయి. 2020లో వచ్చిన ఫలితం ఇది.

మీ స్థాయిలో చేయదగిన గట్టి పని నొప్పుల రోజున కాదు, మూడో నెలలో ఉంది. తొలి మూడు నెలల స్కాన్ ప్రకారం ప్రసవ తేదీని గర్భిణికిచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు (ఎంసీపీ కార్డు) మీద పెద్ద అక్షరాలతో రాయించండి. నొప్పులతో వస్తే జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, ఉమ్మనీరు పోవడం చూసి డాక్టరుకు చెప్పండి. నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం (ఎస్‌ఎన్‌సీయూ) ఉన్న ఆసుపత్రికే 108లో పంపండి. ఇంజెక్షన్ విషయంలో మాత్రం మీ దగ్గర ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వు ఏం చెబితే అదే.

ప్రశ్న: ఎయిమ్స్‌కి వెళ్లే దారిని ఇప్పటికీ పాత టీబీ శానటోరియం రోడ్డు అంటారు. మా తాతల కాలంలో టీబీ వస్తే నెలల తరబడి శానటోరియంలో పెట్టి గుడ్లు, పాలు ఇచ్చేవారట. ఇప్పుడు మందులిచ్చి ఇంటికి పంపేసి, బ్యాంకులో వెయ్యి వేస్తున్నారు. ఖర్చు తగ్గించుకోవడానికేనా?
— చేనేత కార్మికుడు, మంగళగిరి

జవాబు: ఖర్చు ఒక కారణం. కానీ శానటోరియం వద్దనడానికి వెనక మద్రాసులో జరిగిన గట్టి పరీక్ష ఉంది. 1956లో అక్కడి టీబీ కేంద్రం రోగుల్ని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసింది. ఒక జట్టు శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సుల సంరక్షణలో. రెండో జట్టు కిక్కిరిసిన తమ ఇళ్లలోనే, అరకొర తిండితో. ఇద్దరికీ అవే మందులు ఏడాదిపాటు. ఏడాది చివరికి జబ్బు అణిగినవాళ్లు శానటోరియంలో 92 శాతం, ఇళ్లలో 86 శాతం. ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాల్లో టీబీ అదనంగా పాకిందా అని అయిదేళ్లు గమనించారు. పాకలేదు. మందు మొదలయ్యేలోపే అంటాల్సింది అంటేసి ఉంటుందన్నమాట. ఆ తర్వాత ప్రపంచమంతటా ఇంటి వైద్యమే విధానమైంది.

మరి తిండి అక్కర్లేదా అంటే, అక్కడే చాలామంది పొరబడ్డారు. మద్రాసు పరీక్ష అడిగింది ‘మందులు వాడుతున్న రోగి నయం కావడానికి శానటోరియం కావాలా’ అని. ‘ఇంట్లో మిగతావాళ్లకు రాకుండా తిండి ఆపగలదా’ అని అది అడగనేలేదు. ఆ ప్రశ్న జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ ట్రయల్ అడిగింది. రోగుల ఇళ్లలోని 10,345 మందిలో కొన్ని కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు అదనంగా ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇంకొకరికి అంటించగల రకంలో అయితే 48 శాతం. రోగుల్లో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లకి మరణం ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. అయితే బరువు పెరగడమే కాపాడిందా, కాస్త బాగున్నవాళ్లకే బరువు పెరిగిందా అన్నది ఈ చివరి అంకె చెప్పలేదు.

2023లో ఈ ఫలితాలు వచ్చాయి. 2018 నుంచి టీబీ రోగి తిండికోసం నెలకు 500 ఇస్తున్న నిక్షయ్ పోషణ్ సాయాన్ని 2024 నవంబరు 1 నుంచి వెయ్యి చేశారు. దాతలిచ్చే ఆహార బుట్టలను కుటుంబ సభ్యులకూ వర్తింపజేశారు. పరిశోధన నుంచి ఉత్తర్వుకి ఏడాదిన్నర లోపే, ఇది అరుదైన వేగం. మా అభ్యంతరం ఒక్కటే: ట్రయల్‌లో ఇచ్చింది బియ్యం, పప్పు, పథకంలో రోగికి వేస్తున్నది డబ్బు. ఆ డబ్బు పప్పుగా మారుతుందా, అద్దె కింద పోతుందా అన్నది ఎవరైనా కొలవాలి. మీవైపు చూసుకోవాల్సింది: ఆధార్‌తో కలిపిన, వాడకంలో ఉన్న ఖాతా నంబరు టీబీ రోగుల వివరాలుండే నిక్షయ్ పోర్టల్‌లో సరిగా ఎక్కిందా అని. మూలపడిన జన్‌ధన్ ఖాతా ఇస్తే డబ్బు వెనక్కి పోతుంది.

ప్రశ్న: తక్కువ సోడియం ఉప్పు వాడమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిందట. మా పచ్చళ్లలో ఆ ఉప్పు వేసి ‘బీపీ వాళ్లకు ప్రత్యేకం’ అని అమ్ముకోవచ్చా?
— హోమ్‌ఫుడ్స్ నిర్వాహకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. ఆ సిఫారసు ఎక్కడ ఆగిందో చూడండి.

దానికి పెద్ద ఆధారం చైనాలోని 600 పల్లెల్లో, 20,995 మందితో జరిగిన ట్రయల్. పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా 60 దాటి బీపీ ఉన్నవాళ్లు అందులో చేరారు. 75 పాళ్లు మామూలు ఉప్పు, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ కలిపినది వాడితే దాదాపు అయిదేళ్లలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను ముందే తప్పించారు, వాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది కాబట్టి. డబ్ల్యూహెచ్‌ఓ 2025 జనవరి సిఫారసు షరతులతో కూడినది: పెద్దలకే, ఇంట్లో వేసుకునే ఉప్పుకే. పిల్లలు, గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, హోటల్ తిండి, ప్యాకెట్ ఆహారం దాని పరిధిలో లేవు. మీ సీసా ఎవరింటికి వెళ్తుందో మీకు తెలియదు. తన కిడ్నీ దెబ్బతిన్న సంగతి తెలియని షుగరు మనిషి ‘బీపీ ప్రత్యేకం’ అని చూసి రెండు ముద్దలు ఎక్కువే కలుపుకుంటాడు.

పైగా ఆవకాయలో ఉప్పు రుచికే కాదు, నిల్వకు. మిశ్రమం ఉప్పుతో చిరుచేదూ వస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని డబ్ల్యూహెచ్‌ఓ అంటే, ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షలతో కొలిచినప్పుడు సగటు తొమ్మిదిన్నర గ్రాముల దగ్గర తేలింది. కాబట్టి పచ్చడి తక్కువ తినమనడమే నిజమైన సలహా. అది మీ వ్యాపారానికి రుచించదని తెలుసు.

ప్రశ్న: మా వీధిలో నలభై నిండకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్లు నలుగురున్నారు. దీన్ని ఎవరూ పట్టించుకోరా?
— గృహిణి, పొన్నూరు

జవాబు: పట్టించుకోవడం సర్వేతోనే మొదలైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్న అడిగితే, 15–49 ఏళ్ల మహిళల్లో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం మందికి ఈ ఆపరేషన్ అయిందని తేలింది. మందుకి ట్రయల్ కావాలి గానీ, సమస్య ఉందని చూపడానికి ఇలాంటి లెక్కే సరైన రుజువు. కేంద్రం 2022లో అనవసర ఆపరేషన్ల నివారణకు మార్గదర్శకాలు తెచ్చింది. జిల్లా స్థాయి దాకా కమిటీలు, 40 లోపు మహిళల ఆపరేషన్లకు కారణాల నమోదు అందులో ఉన్నాయి. రాష్ట్రాలు మూడు నెలల్లో వాటిని అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మీవాళ్లకు ఎవరైనా ఆపరేషన్ అంటే ముందు అడగాల్సినవి: ఏ జబ్బుకి, క్యాన్సర్ పరీక్ష చేశారా, మందులతో ఎన్నాళ్లు ప్రయత్నించారు, అండాశయాలు ఉంచుతారా. చివరిది మరీ ముఖ్యం. చిన్న వయసులో అవి కూడా తీసేస్తే ఎముకలకీ గుండెకీ చేటు.

ప్రశ్న: రక్తహీనత ఉన్న గర్భిణులకు పీహెచ్‌సీలోనే ఐవీ ఐరన్ (నరం ద్వారా ఎక్కించే ఐరన్) ఇవ్వడం మీద థీసిస్ చేద్దామనుకుంటున్నాను. 60 మంది సరిపోతారని సీనియర్లు అంటున్నారు. దీనితో విధానం మారుతుందా?
— పీజీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: డిగ్రీకి సరిపోతుంది, విధానానికి సరిపోదు. 60 మందిలో 12 మందికి హిమోగ్లోబిన్ పెరగలేదనుకుందాం. 20 శాతం అని రాస్తారు. కానీ అసలు విలువ 12 నుంచి 32 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 600 మంది అయితే ఆ సందు 17 నుంచి 23కి కుదించుకుపోతుంది. 12 అయితే పథకం పెట్టొచ్చు, 32 అయితే మానేయాలి అనే అధికారికి మీ 20 పనికిరాదు.

కాబట్టి ‘పనిచేస్తుందా’ అన్న ప్రశ్న వదిలేయండి. దానికి పెద్ద ట్రయల్స్, వాటి క్రోడీకరణలు ఉన్నాయి. మీరొక్కరే తేగల రుజువు వేరే ఉంది: మన పీహెచ్‌సీలో ఇది నడుస్తుందా? ఇంజెక్షన్ ఎక్కించేటప్పుడు పక్కన ఎవరున్నారు, అలర్జీ వస్తే అడ్రినలిన్ చేతికందేంత దూరంలో ఉందా, గంటకు ఎన్ని పడకలు ఖాళీ, ఎంతమంది రెండో డోసుకు రాలేదు, రానివాళ్లు ఎందుకు రాలేదు. పెద్దాసుపత్రి ఓపీలో సమాచారం సేకరించి పీహెచ్‌సీ గురించి సిఫారసు చేయకండి. రుజువు బలాన్ని తూచే గ్రేడ్ పద్ధతిలో మార్కులు కోసేది ఇలాంటి చోటే, పరోక్ష ఆధారమని.

ఎథిక్స్ కమిటీ అనుమతి సరే. ఇది ట్రయల్ అయితే మొదటి మనిషిని చేర్చకముందే దేశంలోని ట్రయల్స్ నమోదు జాబితా సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. తర్వాత చేయించుకుందామనుకుంటే చాలా పత్రికలు తిప్పి పంపుతాయి. మొదటి రోజు నుంచే ఖర్చు రాసుకోండి: మందు, సెట్టు, నర్సు నిమిషాలు, తల్లి ఆటో ఛార్జీ, పోయిన కూలి. చివర్లో గుర్తుచేసుకుని రాసే ఖర్చులు ఎప్పుడూ తక్కువే తేలతాయి.

ఆ ఖర్చుతో ఏం చేస్తారంటే: కొత్త పద్ధతికి జిల్లాలో అదనంగా 40 లక్షలు అవుతుందనీ, దానివల్ల 50 ఆరోగ్యవంతమైన జీవన సంవత్సరాలు కలిసొస్తాయనీ అనుకుందాం. ఒక్కో ఏడాదికి 80 వేలు. 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద మొదలైన, వైద్య పద్ధతుల ఖర్చునీ ప్రయోజనాన్నీ తూచే హెచ్‌టీఏఇన్ ఇలాంటి లెక్కల్ని దేశ తలసరి జీడీపీతో పోల్చి చూస్తుంది. అంతకన్నా తక్కువైతే గిట్టుబాటు. అయితే గిట్టుబాటు వేరు, జేబులో డబ్బుండటం వేరు. మొత్తం 40 లక్షలు ఎక్కడినుంచి అన్న ప్రశ్నకూ జవాబు రాసుకోవాలి.

120 పేజీల థీసిస్ ఏ అధికారీ చదవడు. ఒక పేజీలో ముఖ్యాంశాలు, మూడు పేజీల్లో సారాంశం, వివరాలు కావాలంటే 25 పేజీలు అనే పద్ధతి ఉంది, ఆ మొదటి పేజీ మీద వారం రోజులు కూర్చున్నా తప్పులేదు. దాన్ని ఎప్పుడిస్తారన్నదీ చూడండి. జాతీయ ఆరోగ్య మిషన్ నిధులు రాష్ట్రం పంపే కార్యక్రమ అమలు ప్రణాళిక, అంటే పిప్ ప్రకారం వస్తాయి. జిల్లాల నుంచి ప్రతిపాదనలు దానికి ముందే వెళ్తాయి. పిప్ సంతకమయ్యాక ఇచ్చిన కాగితం ఎంత బాగున్నా తర్వాతి పిప్ దాకా బీరువాలోనే. అందుకని టాపిక్ ఖరారు చేసుకునే ముందే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో మాతా శిశు సంరక్షణ చూసేవారిని కలిసి ఒక్క మాట అడగండి: వచ్చే ప్రణాళికలో రక్తహీనతకు డబ్బు పెట్టాలంటే మీకు ఏ అంకె కావాలి? వాళ్లు చెప్పిన ఆ అంకే మీ థీసిస్ ప్రధాన ఫలితం.